బ్రాంచి మారాలంటే మళ్లీ బీటెక్ చేయాలా, ఎంటెక్ సరిపోతుందా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున భూపాలపల్లి నుంచి ఒక అబ్బాయి, వాళ్ల నాన్న హన్మకొండలో మా ఇంటికి వచ్చారు. అబ్బాయి మెకానికల్‌లో బీటెక్ పూర్తిచేసి ఏడాదైంది. ప్లాస్టిక్ కవర్లోంచి మార్కుల మెమోలు తీసి బల్ల మీద వరసగా పరిచాడు. ఎనిమిది సెమిస్టర్లు, ఎనిమిది మెమోలు. "సార్, నాకు ఈఈఈ కావాలె. మళ్ల ఎంసెట్ రాసి మొదటి నుంచి చదవాల్నా, ఎంటెక్‌లో పవర్ సిస్టమ్స్ తీసుకుంటే సరిపోతదా?" అని అడిగాడు. వాళ్ల నాన్న సింగరేణిలో చేసి రిటైరైన మనిషి. మెమోల వంకే చూస్తూ మెల్లగా, "మళ్ల మొదటి సంవత్సరమా బిడ్డా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. లెక్క ఉంది, అలసట ఉంది.

అదే రోజు సాయంత్రం నర్సంపేట నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సివిల్ చివరి సంవత్సరం. ఏడాదిగా తనంతట తాను పైథాన్ నేర్చుకుంటోంది, సాఫ్ట్‌వేర్ వైపు పోవాలని గట్టిగా ఉంది. ఆమె అడిగింది కూడా ఇదే: సీఎస్‌ఈలో ఇంకో బీటెక్ చేయాలా, లేక ఎంటెక్ చేయాలా?

ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో, మీ విషయంలో మీరు ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. నేను కూడా మెకానికల్ చదివి కంప్యూటర్స్‌లో ఎంటెక్ చేసినవాణ్ని. ఈ దారిలో ఎక్కడ గుంత ఉందో పడ్డాక తెలిసింది కాబట్టి, పడకముందే మీకు చెప్పాలన్నదే నా తాపత్రయం.

ముందు అడగాల్సిన ప్రశ్న: మీ బీటెక్ సర్టిఫికెట్ ఎవరు చూస్తారు?

చాలామంది "ఏ డిగ్రీకి విలువ ఎక్కువ" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. మీరు చేరాలనుకుంటున్న ఉద్యోగం గుమ్మం దగ్గర ఎవరు నిలబడి ఉంటారు, వాళ్లు ఏ కాగితం అడుగుతారు అన్నది ముందు చూడండి.

సర్కారు ఉద్యోగాల్లో ఆ కాగితం బీటెక్ సర్టిఫికెట్. మన ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు హన్మకొండ నక్కలగుట్టలోనే ఉంది. అందులో అసిస్టెంట్ ఇంజినీర్ ఎలక్ట్రికల్ పోస్టు కావాలంటే ఎలక్ట్రికల్‌లో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. నోటిఫికేషన్‌లో విద్యార్హత అని ఒక్క లైను ఉంటుంది, దాన్ని మించిన రూలు లేదు. మెకానికల్ బీటెక్ మీద పవర్ సిస్టమ్స్ ఎంటెక్ చేసినా ఆ లైనుకు మీరు సరిపోరు. పరీక్ష బాగా రాసి, మెరిట్ లిస్టులో పేరు చూసుకుని, సర్టిఫికెట్ వెరిఫికేషన్ బల్ల దగ్గర ఆగిపోవడం కన్నా బాధ ఉండదు. టీజీపీఎస్సీ భర్తీ చేసే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఏఈఈ) పోస్టులదీ ఇదే పద్ధతి: సివిల్ పోస్టుకు సివిల్, మెకానికల్ పోస్టుకు మెకానికల్. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష స్కోరుతో తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థలు ఏ గేట్ పేపరు రాశారో చూస్తాయి, దాంతోపాటు బీటెక్ ఏ బ్రాంచో కూడా చూస్తాయి. రెండూ కలవాలి.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీటెక్, ఎంటెక్ రెండూ సంబంధిత బ్రాంచిలో ఉండాలి, రెండింటిలో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ రావాలి. "ఎంటెక్ ఉంటే లెక్చరర్ కావచ్చు" అని మన దగ్గర అందరూ అంటుంటారు. బ్రాంచి మారినవాళ్ల విషయంలో ఆ మాట సగమే నిజం. నేను ఎంటెక్ అయ్యాక ఒక కాలేజీ ఇంటర్వ్యూకు పోయాను. డెమో క్లాసు బాగా జరిగింది. తర్వాత ఫైలు తిరగేసిన ఆయన నా బీటెక్ సర్టిఫికెట్ దగ్గర వేలు పెట్టి ఆగారు. "మెకానికలా?" అన్నారు. అంతే, ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎంటెక్‌లో చేరకముందే ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆ రోజు బస్సెక్కి అంత దూరం పోయేవాణ్ని కాదు.

ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో గుమ్మం దగ్గర వేరే మనిషి ఉంటాడు. అతను కోడు రాయమంటాడు, ప్రాజెక్టు చూపించమంటాడు. క్యాంపస్ డ్రైవ్‌లలో చాలా కంపెనీలు అన్ని బ్రాంచిల వాళ్లనూ కూర్చోనిస్తాయి. చిప్ డిజైన్, ఎంబెడెడ్ కంపెనీలు కొంచెం పట్టింపుగా ఉంటాయి కానీ, మంచి చోట చేసిన ఎంటెక్ ఉంటే బీటెక్ బ్రాంచిని పెద్దగా పట్టించుకోవు.

కాబట్టి ఒక చిన్న పని చేయండి. మీకు కావలసిన ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు, ప్రకటనలు ఓ అయిదు తీసుకోండి. ఒక్కో దాంట్లో విద్యార్హత లైను మాత్రం నోటుబుక్కులో మీ చేత్తో ఎక్కించండి. అయిదింటిలోనూ బీటెక్ బ్రాంచి పేరు రాసి ఉంటే, రెండో బీటెక్ గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. లేకపోతే ఇంకో నాలుగేళ్లు ఎందుకు పెడుతున్నారో ఇంకోసారి ఆలోచించండి.

రెండో బీటెక్ అంటే మన దగ్గర నిజంగా ఏం చేయాలి?

నెట్‌లో ఈ విషయం మీద దొరికే సలహా ఎక్కువగా అమెరికా వాళ్లది. అక్కడ రెండో బ్యాచిలర్స్ చేసేవాళ్లకు మొదటి డిగ్రీలో చదివిన లెక్కలు, సైన్సు, జనరల్ సబ్జెక్టుల క్రెడిట్లు చాలావరకు కలిసొస్తాయి. అందుకే నాలుగేళ్లది రెండు, రెండున్నర ఏళ్లలో అయిపోతుంది. పైగా అక్కడ ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సు తీసుకోవాలంటే చాలా రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యత చూసే ఏబెట్ అనే సంస్థ గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే దారి సులువు. గుర్తింపు సాధారణంగా బ్యాచిలర్స్‌కు ఉంటుంది, మాస్టర్స్‌కు ఉండడం అరుదు. కాబట్టి వాళ్లు "రెండో బ్యాచిలర్స్ చెయ్యి" అంటే వాళ్ల దేశంలో దానికో కారణం ఉంది. ఆ మాటను తెచ్చి నయీంనగర్ హాస్టల్ గదిలో కూర్చుని పాటిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

మన దగ్గర మొదట సీటే సమస్య. జేఈఈ మెయిన్‌కు ఇంటర్ పాసైన ఏడాదీ, ఆ తర్వాత రెండేళ్లూ మాత్రమే అర్హత. బీటెక్ అయ్యేసరికి ఇంటర్ దాటి నాలుగేళ్లు. అంటే కాజీపేట నుంచి హన్మకొండ వచ్చే దారిలో రోజూ కనిపించే నిట్ గేటు బీటెక్ కోసం మీకు మూసుకుపోయినట్లే. అదే గేటు ఎంటెక్‌కు, ఎంసీఏకు తెరిచే ఉంటుంది. ఇక మిగిలింది ఎప్‌సెట్, మనం ఇప్పటికీ ఎంసెట్ అనే పరీక్ష. 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, టైము 3 గంటలు. నాలుగైదేళ్ల కింద వదిలేసిన ఆర్గానిక్ కెమిస్ట్రీని ఇప్పుడే ఇంటర్ అయిన పిల్లలతో పోటీ పడి రాయాలి. అది కాదంటే మేనేజ్‌మెంట్ సీటు, దాని ఖర్చు మీకు తెలిసిందే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకండి. ఒకసారి చదివిన స్థాయిలోనే ఇంకో కోర్సు చేసేవాళ్లకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తించదు. మొదటి బీటెక్ రీయింబర్స్‌మెంట్ మీద చదివిన ఇళ్లలో ఈ సంగతి సీటు వచ్చాక తెలిసి, ఫీజు కట్టే రోజు గొడవలు అవుతుంటాయి. ముందే ఇంట్లో చెప్పండి.

చేరాక మొదటి సంవత్సరం మొత్తం మీరు చదివిందే. ఎం-1, ఎం-2 అనే మ్యాథ్స్ పేపర్లు, ఫిజిక్స్, ఇంగ్లీష్ ల్యాబ్, వర్క్‌షాప్, ఇంజినీరింగ్ డ్రాయింగ్. ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్ అంటే 160 క్రెడిట్లు. వాటిలో మీకు నిజంగా కొత్తవి దాదాపు సగమే. చదివిన సబ్జెక్టులకు మినహాయింపు, రెండో సంవత్సరంలో నేరుగా ప్రవేశం లాంటివి ఉన్నాయని ఎవరైనా కాలేజీ ఆఫీసులో చెబితే సంతోషించి వచ్చేయకండి. యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. సీటు నింపుకోవాలనుకునే మనిషి నోటిమాటకు, పరీక్షల విభాగం ఇచ్చే కాగితానికి చాలా తేడా ఉంటుంది.

ఇవన్నీ చెప్పాక కూడా రెండో బీటెక్‌కు ఒక గొప్ప బలం ఉంది, దాన్ని తక్కువ చేయను. ల్యాబ్. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ చేయడం, మోటారు స్టార్టర్ హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ అమ్మీటరు ముల్లు ఎగిరిపడడం చూడడం, మట్టి నమూనాను ప్రాక్టర్ మౌల్డులో పొరలు పొరలుగా దిమ్మిస పెట్టడం ఇవేవీ యూట్యూబ్‌లో చేతికి రావు. ఎలక్ట్రికల్ మెషిన్స్, సివిల్ లాంటి చోట్లకు మారేవాళ్లకు ఈ చేతి పని లేకపోవడం పెద్ద లోటు. కంప్యూటర్స్‌కు మారేవాళ్లకు ల్యాప్‌టాపే ల్యాబ్.

ఎంటెక్: తలుపు ఉంది, కానీ మెట్లు మీరే కట్టుకోవాలి

గేట్‌లో 30 పేపర్లున్నాయి. ఏ బ్రాంచి వాళ్లయినా ఏ పేపరైనా రాయొచ్చు. బీటెక్ మూడో సంవత్సరం నుంచే రాయొచ్చు, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. 2021 నుంచి, వాళ్లిచ్చిన జతల్లో రెండు పేపర్లు రాసే వీలు కూడా వచ్చింది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు విడిగా ఉంది. సాఫ్ట్‌వేర్ వైపు వచ్చే మెకానికల్, సివిల్ వాళ్లకు ఇది బాగా పనికొచ్చే మార్పు, ఎందుకంటే అందులో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా బరువు ఎక్కువ. అవి మీకు బొత్తిగా కొత్త కావు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పేపరు రాయనిచ్చారు కదా, సీటు కూడా ఇస్తారనుకుంటారు. ఎంటెక్‌లో ఒక్కో స్పెషలైజేషన్‌కు ఏయే బీటెక్ బ్రాంచిలు అర్హమో జాబితా ఉంటుంది. ఎన్‌ఐటీల కౌన్సెలింగ్ అయిన సీసీఎంటీలో ఆ జాబితా సంస్థ సంస్థకూ మారుతుంది. మన రాష్ట్ర పీజీఈసెట్‌లోనూ ఏ పేపరు ఎవరు రాయాలో, ఏ కోర్సులో ఎవరు చేరాలో స్పష్టంగా రాసి ఉంటుంది. కొన్ని ఐఐటీల్లో గేట్ సీఎస్ స్కోరు మంచిగా ఉంటే ఏ బ్రాంచి ఇంజినీరునైనా సీఎస్‌ఈ ఎంటెక్‌కు తీసుకుంటారు. పవర్ సిస్టమ్స్‌కు మెకానికల్ వాళ్లను తీసుకునే చోట్లు వెతికితే గాని కనపడవు. మధ్యలో ఉండే కోర్సులు కొన్ని ఉన్నాయి: మెకట్రానిక్స్, ఎనర్జీ, రోబోటిక్స్, ట్రాన్స్‌పోర్టేషన్, జియోఇన్ఫర్మాటిక్స్. వీటికి రెండు మూడు బ్రాంచిల వాళ్లు అర్హులు. బ్రాంచి పూర్తిగా వదలకుండా పక్కకు జరగాలనుకునేవాళ్లు ముందు వీటిని చూడండి.

సీటు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. నా మొదటి సెమిస్టర్ అల్గారిథమ్స్ క్లాసు నాకు ఇప్పటికీ గుర్తే. సారు బోర్డు మీద ఒక రికరెన్స్ రాసి, "ఇది మీరు బీటెక్‌లో చేసిందే కదా" అని రెండు లైన్లు వదిలేసి జవాబు రాశారు. క్లాసంతా తలూపింది. నేను కూడా ఊపాను. ఆ రెండు లైన్ల కోసం రాత్రి లైబ్రరీలో బీటెక్ రెండో సంవత్సరం డేటా స్ట్రక్చర్స్ పుస్తకం తీస్తే, ఆ అధ్యాయం అర్థం కావడానికి దాని ముందు అధ్యాయం కావాలి, దానికి డిస్క్రీట్ మ్యాథ్స్ కావాలి. ఒక్క రాత్రిలో మూడు పుస్తకాలు వెనక్కి పోయాను. మొదటి సెమిస్టర్ పొడుగునా పగలు ఎంటెక్, రాత్రి బీటెక్. నిద్ర, తిండి, ఆత్మవిశ్వాసం అన్నీ దెబ్బతిన్నాయి. రెండో సెమిస్టర్‌కు కుదురుకున్నాను. మీకు ఆ అయిదు నెలలు రాకూడదనుకుంటే చేరే ముందే ఒక ఏడాది పునాది వేసుకోండి.

ఆ ఏడాదిని విడిగా వెతుక్కోనక్కర్లేదు, గేట్ ప్రిపరేషనే ఆ పునాది. సీఎస్ సిలబస్‌లో 10 భాగాలున్నాయి: మ్యాథ్స్, డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ప్రోగ్రామింగ్ డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్. సీఎస్‌ఈ బీటెక్ నాలుగేళ్లలో కోర్ సబ్జెక్టులు దాదాపు ఇవే. వీటిని షార్ట్‌కట్ ఫార్ములాలతో కాకుండా పాఠ్యపుస్తకంతో, ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలతో చదివితే రెండో బీటెక్ థియరీలో పెద్ద భాగం మీకు వచ్చేసినట్లే. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు.

మీ పాత బ్రాంచికి, కొత్త బ్రాంచికి దూరమెంత?

ఇది ఊహించుకోకండి, కొలవండి. కొత్త బ్రాంచి రెండు, మూడు సంవత్సరాల సిలబస్ ప్రింటు తీయించి మీ మెమోల పక్కన పెట్టండి. చదివిన సబ్జెక్టుకు టిక్కు, పేరు వేరైనా సగం చదివిన దానికి సగం టిక్కు, అసలు ముట్టనిదానికి సున్నా.

ఈఈఈ వాళ్లు ఈసీఈ సిలబస్ పక్కన పెట్టి చూడండి. సర్క్యూట్స్, ఎలక్ట్రానిక్ డివైజెస్, డిజిటల్ లాజిక్, సిగ్నల్స్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, మైక్రోప్రాసెసర్స్ అన్నీ టిక్కులే. ఫీల్డ్ థియరీ సగం. కమ్యూనికేషన్స్, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) మిగులుతాయి. ఇంత దగ్గర ఉన్న బ్రాంచికి రెండో బీటెక్ చేయడం, కాజీపేట నుంచి హన్మకొండకు హైదరాబాద్ మీదుగా రావడం లాంటిది. నేరుగా వీఎల్‌ఎస్‌ఐ, ఎంబెడెడ్ ఎంటెక్ చూసుకోండి.

మా ఇంటి బల్ల మీద భూపాలపల్లి అబ్బాయి మెమోల పక్కన ఈఈఈ సిలబస్ పెట్టినప్పుడు వేరేలా వచ్చింది. మొదటి సంవత్సరం బేసిక్ ఎలక్ట్రికల్ తప్ప టిక్కులు లేవు. సర్క్యూట్స్ నుంచి మెషిన్స్, పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, ప్రొటెక్షన్ దాకా వరసగా సున్నాలు. పైగా ల్యాబులు. ఇంత దూరంలో ఎంటెక్‌కు ఎగరడం ప్రమాదం. ఎక్కడో సీటు దొరికినా, సగం క్లాసులు చెవి పక్కనుంచి పోతాయి.

నర్సంపేట అమ్మాయికి కూడా సీఎస్‌ఈ సిలబస్‌లో సున్నాలే ఎక్కువ. కానీ అవి ఇంట్లో కూర్చుని నింపుకోగల సున్నాలు. పైగా పైథాన్ మీద అప్పటికే చేయి తిరిగింది. తాను రాసిన చిన్న ప్రోగ్రాం చూపించింది: వాళ్ల నాన్న మిర్చి అమ్మిన చీటీలు ఎక్కిస్తే ఎనుమాముల మార్కెట్‌లో ఏ వారం ఎంత ధర పలికిందో గీత గీసి చూపిస్తుంది. అది చూశాక ఆమెకు రెండో బీటెక్ అవసరం లేదని నాకు సందేహం లేకుండా తేలింది.

డబ్బు లెక్క

ఒక ఉదాహరణకు లెక్క వేద్దాం, మీ అంకెలు మీరు పెట్టుకోండి. రెండో బీటెక్‌కు ఫీజు ఏడాదికి లక్ష, హాస్టలూ తిండీ నెలకు 5,000 అనుకుంటే నాలుగేళ్లకు 6 లక్షల 40 వేలు. ఆ నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఉంటే నెలకు 20,000 చొప్పున 9 లక్షల 60 వేలు వచ్చేవి. మొత్తం 16 లక్షలు.

ఎంటెక్‌కు ఏడాది ప్రిపరేషన్, రెండేళ్ల చదువు. అదే జీతం మూడేళ్లు పోయిందనుకుంటే 7 లక్షల 20 వేలు. తిండీ గదీ 1 లక్ష 80 వేలు. ఫీజు రెండేళ్లకు లక్షన్నర. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, 24 నెలలకు 2,97,600. అది తీసేస్తే దాదాపు ఏడున్నర లక్షలు. సగం కన్నా తక్కువ. ఇంటికి పెద్ద కొడుకో కూతురో అయితే, చెల్లి పెళ్లో తమ్ముడి చదువో ముందుంటే, ఈ తేడా కాగితం మీద అంకెగా మిగలదు.

ఈ రెండూ కాని దారులు

నర్సంపేట అమ్మాయికి నేను మొదట చెప్పింది ఎంసీఏ గురించి. బీటెక్ చేసినవాళ్లు ఎంసీఏ అంటే చిన్నచూపు చూస్తారు, అది తప్పు. ఐసెట్‌తో చేరే ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లదే. ఎంటెక్ సీఎస్‌ఈ పాఠాలు బీటెక్‌లో అన్నీ చదివేశారనుకుని మొదలవుతాయి, ఎంసీఏ మాత్రం డేటా స్ట్రక్చర్స్ నుంచి మొదలుపెడుతుంది. వేరే డిగ్రీ నుంచి వచ్చేవాళ్ల కోసం కట్టిన కోర్సు అది. నిమ్‌సెట్ రాస్తే ఎన్‌ఐటీల్లో, మన వరంగల్ నిట్‌తో సహా, సీటు రావచ్చు. బీటెక్ వాళ్లూ అర్హులే.

ఇంకా బీటెక్‌లోనే ఉన్నవాళ్లు మైనర్ డిగ్రీ గురించి కాలేజీలో అడగండి. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే సర్టిఫికెట్ మీద ఇంకో బ్రాంచి మైనర్‌గా పడుతుంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యూజీసీ వీలు ఇచ్చింది కాబట్టి, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ లాంటిది పక్కన మొదలుపెట్టొచ్చు. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ దాటితే చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ నడిపే పీజీ కోర్సు ఆరు నెలల్లో అయిపోతుంది, సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎంబెడెడ్, వీఎల్‌ఎస్‌ఐ కూడా ఉన్నాయి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు, లోపలి నుంచే జరగడం అన్నిటికన్నా చవకైన దారి. మెయింటెనెన్స్‌లో ఉన్న మెకానికల్ ఇంజినీరు యంత్రాలను నడిపే పీఎల్‌సీ కంట్రోలర్లు నేర్చుకుని ఆటోమేషన్‌కు మారడం, సైటులో ఉన్న సివిల్ ఇంజినీరు కట్టడాలకు కంప్యూటర్ మోడల్ తయారుచేసే బీఐఎం వైపు పోవడం రోజూ జరిగేవే.

అమెరికా, జర్మనీ అనుకునేవాళ్లకు రెండు మాటలు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు వేరే బ్రాంచి వాళ్లను ఎంఎస్‌కు తీసుకుని, ముందు కొన్ని బ్రిడ్జ్ కోర్సులు చేయిస్తాయి. వాటి ఫీజు కూడా డాలర్లలోనే, లోను లెక్కలో అది కలపండి. జర్మనీలో మీ బీటెక్ సబ్జెక్టులు వాళ్ల మాస్టర్స్‌కు ఎన్ని క్రెడిట్ల మేరకు సరిపోతాయో ఒక్కొక్కటిగా లెక్కగడతారు, బ్రాంచి మారడం కష్టం. మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా 2022 నవంబర్ నుంచి తప్పనిసరి.

మరి ఆ అబ్బాయికి ఏం చెప్పాను?

లెక్కలన్నీ చూస్తే రెండో బీటెక్ తప్ప దారి లేని మనిషి అతనే. దూరం ఎక్కువ, ల్యాబులు కావాలి, కోరుకునే ఉద్యోగంలో సర్టిఫికెట్ మీద బ్రాంచి చూస్తారు. కానీ "నాలుగేళ్లు పెట్టు" అనబోయే ముందు ఒక మాట అడిగాను.

"నీకు కరెంటు సబ్జెక్టు ఇష్టమా, కరెంటు డిపార్ట్‌మెంటులో ఉద్యోగం కావాల్నా?"

కాసేపు ఆలోచించాడు. "ఉద్యోగం సార్. మా బాపుకు సర్కారు నౌకరీ అంటే ధైర్యం. కరెంటోళ్లకు జీతాలు మంచిగుంటయని..."

నేను ఫోన్‌లో ఒక పాత నోటిఫికేషన్ తెరిచి ముందు పెట్టాను. 2023లో కరెంటు ఉత్పత్తి చేసే రాష్ట్ర సంస్థ జెన్‌కో 339 అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టులకు ఇచ్చింది. ఎలక్ట్రికల్ ఒక్కటే కాదు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, సివిల్ కూడా. బొగ్గుతో నడిచే కేంద్రంలో బాయిలరు, టర్బైను, బొగ్గు మిల్లులు, పంపులు చూసేది మెకానికల్ ఇంజినీర్లే కదా. అతను విద్యార్హత లైను పైకి చదివాడు. మెకానికల్‌లో బ్యాచిలర్ డిగ్రీ అన్న దగ్గర ఆగి మళ్లీ చదివాడు.

"చేల్పూరు మీ ఇంటికి ఎంత దూరం?" అన్నాను. కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటు అక్కడే ఉంది, రెండు యూనిట్లు కలిపి 1,100 మెగావాట్లు.

జవాబు వాళ్ల నాన్న చెప్పాడు. "మా డాబా ఎక్కితె పొగగొట్టం కనవడ్తది సార్."

మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు, అందుకే దాని మీదే కూర్చోవద్దనీ, గేట్ మెకానికల్ పేపరు కూడా పక్కనే చదవమనీ చెప్పాను. రెండింటి సిలబస్‌లో చాలా భాగం ఒకటే. ఈఈఈ సిలబస్ ప్రింటు మడిచి పక్కన పెట్టాం. అబ్బాయి మెమోలు ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టుకుంటుంటే వాళ్ల నాన్న ఆపి, "ఆ థర్మల్ సబ్జెక్టుల నీకెన్ని మార్కులొచ్చినై?" అని అడిగాడు. అబ్బాయి కవర్లోంచి అయిదో సెమిస్టర్ మెమో మళ్లీ బయటికి తీశాడు.